జపాన్ సిటీ హోటల్లో ఇబ్బంది లేకుండా ఉండాలంటే: బెంగళూరు, చెన్నై తెలుగువాళ్ల కోసం

"కొంచెం అడ్జస్ట్ చేసుకోండి" అన్న మాట బెంగళూరులో బస్సు సీటు దగ్గర్నుంచి పెళ్లి భోజనాల బంతి దాకా ఎక్కడైనా చెల్లుతుంది. జపాన్ హోటల్ రిసెప్షన్‌లో చెల్లదు. ఎన్ని మీటర్ల గది, ఎంత వెడల్పు మంచం, ఎంతమంది మనుషులు అని బుకింగ్‌లో ఏముందో సరిగ్గా అదే దొరుకుతుంది. అందుకే జపాన్‌లో హాయిగా ఉండటమన్నది చాలావరకు ఇక్కడ, ఇంట్లో కూర్చుని బుక్ చేసేటప్పుడే తేలిపోతుంది.

గది చూసుకోవడం

ఫోటోలు కాదు, ముందు చదరపు మీటర్లు చూడండి. ఒక చదరపు మీటరంటే సుమారు 10.8 చదరపు అడుగులు. బిజినెస్ హోటళ్లలో సింగిల్ గది సాధారణంగా 11 నుంచి 13 మీటర్లు ఉంటుంది. అంటే బాత్రూమ్‌తో కలిపి 120 నుంచి 140 అడుగులు. 28 అంగుళాల సూట్‌కేసు నేలమీద పరిచి తెరిస్తే ఇక నడవడానికి చోటుండదు. ఒక్కరే ఆఫీసు పనిమీద వెళ్తే ఇది చాలు. ఇద్దరికైతే 18 మీటర్లకు తగ్గకూడదు. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే 22 నుంచి 25 చూడండి. అపా, తోయోకో ఇన్ లాంటి గొలుసు హోటళ్లు స్టేషన్ పక్కనే ఉంటాయి కానీ వాటిలో గదులు చిన్నవి. దైవా రాయ్‌నెట్, రిచ్‌మండ్, మిత్సుయి గార్డెన్ లాంటివి కొంచెం ధర ఎక్కువైనా కాళ్లు చాపుకునే చోటిస్తాయి.

ఎక్కువమంది దెబ్బతినేది మంచం దగ్గర. ఇద్దరు పెద్దలని వెతికితే అన్నిటికంటే చవగ్గా కనిపించేది సెమీ డబుల్. దాని మంచం చాలాచోట్ల 120 సెంటీమీటర్లే, అంటే 4 అడుగులు. మన ఇళ్లలో క్వీన్ సైజు మంచమే 5 అడుగులుంటుంది. డబుల్ అన్నా 140 దగ్గర ఆగిపోవచ్చు. ట్విన్ అంటే విడివిడిగా రెండు మంచాలు. భార్యాభర్తలైనా సరే, వారం రోజులు రోజంతా తిరిగి వచ్చి పడుకోవాలంటే ట్విన్ మేలు.

ధర మనుషుల లెక్కన మారుతుంది. ఒక్కరి పేరున బుక్ చేసి ఇద్దరు వెళ్లడం కుదరదు. రిసెప్షన్‌లో ప్రతి ఒక్కరి పాస్‌పోర్టూ అడిగి కాపీ తీసుకుంటారు, జపాన్‌లో చిరునామా లేని విదేశీయుల విషయంలో అది అక్కడి నియమం. పిల్లలు అమ్మానాన్నల మంచం మీదే పడుకుంటే చాలా హోటళ్లు డబ్బు తీసుకోవు. కానీ ఎన్నేళ్ల వరకన్నది ఒక్కో హోటల్‌కి ఒక్కో రకం, కొన్నిచోట్ల బడికి వెళ్లే వయసు వచ్చేవరకే. ఉచితమైనా పిల్లల సంఖ్య, వయసు బుకింగ్‌లో చేర్చాల్సిందే. నలుగురైదుగురు కుటుంబమైతే బిజినెస్ హోటల్లో రెండు గదులు తీసుకునే బదులు మిమారు లాంటి అపార్ట్‌మెంట్ హోటళ్లు చూడండి. టోక్యో, క్యోటో, ఒసాకాల్లో ఉన్నాయి, గదిలోనే వంటకు స్టవ్, గిన్నెలు ఇస్తారు. పథ్యం ఉన్న పెద్దవాళ్లకు ఇంతకంటే సుఖం లేదు.

సిగరెట్ తాగే గదులు అక్కడ ఇంకా ఉన్నాయి. మంచి హోటల్లో ఒక్క గదే చవగ్గా కనబడితే ముందు అనుమానించాల్సింది దాన్నే. నాన్ స్మోకింగ్ అని బుకింగ్ కాగితం మీద ఉందో లేదో చూసుకోండి. వెళ్లాక మార్చమంటే, ఆ రాత్రికి వేరే గది ఖాళీగా ఉంటేనే మారుస్తారు.

ఇక పేరు. మనలో కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, చెన్నైలో పుట్టిపెరిగిన తెలుగువాళ్లకైతే ఇనీషియల్ విప్పితే నాన్నగారి పేరు అక్కడ కూర్చుంటుంది. రిసెప్షన్‌లో వెతికేది ఇంటిపేరుతో. ఇంట్లో పిలిచే పేరుతోనో, ఒక్క అక్షరం ఇనీషియల్‌తోనో బుక్ చేస్తే అక్కడ పది నిమిషాలు నిలబడాల్సి వస్తుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి, బుకింగ్ నంబరు కాగితం మీద అచ్చు వేసి పెట్టుకోండి.

వీసాకు రోజువారీ ప్రయాణ పట్టిక ఇవ్వాలి, అందులో ఏ రాత్రి ఏ హోటలో ఉండాలి. కాబట్టి మొదట ఉచితంగా రద్దు చేసుకునే రకం బుకింగే చేయండి, వీసా వచ్చాక కావాలంటే రద్దుకాని చౌక ధరకు మారవచ్చు. మార్చి చివరి నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా చెర్రీ పూల కాలం, ఏప్రిల్ చివర్లో మొదలయ్యే గోల్డెన్ వీక్ సెలవులు, ఆగస్టు మధ్యలో పితృదేవతల పండుగ ఓబోన్, క్యోటోలో నవంబరు: ఈ రోజుల్లో ధరలు బాగా పెరుగుతాయి. శనివారం రాత్రి ఎప్పుడూ ఎక్కువే. ఊర్లు మారే ప్రయాణమైతే క్యోటోను వారం మధ్యలో పెట్టుకుంటే డబ్బు మిగులుతుంది.

బుకింగ్ ధరలో వసతి పన్ను కలవకపోవచ్చు, రిసెప్షన్‌లో విడిగా అడుగుతారు. టోక్యోలో మనిషికి రాత్రికి 10,000 యెన్ల లోపు ధరకు పన్ను లేదు, 15,000 లోపు 100 యెన్లు, ఆపైన 200. క్యోటోలో 2026 మార్చి 1 నుంచి ఇది పెరిగింది: 6,000 లోపు 200, 20,000 లోపు 400, 50,000 లోపు 1,000. ఆపైన గదులకైతే పన్నే మన దగ్గర ఒక గది అద్దెంత అవుతుంది.

ఏ స్టేషన్ దగ్గర

"స్టేషన్ నుంచి 5 నిమిషాల నడక" అంటే 400 మీటర్ల లెక్క. జపాన్‌లో ఇళ్ల ప్రకటనలకు నిమిషానికి 80 మీటర్లని నియమం ఉంది, హోటళ్లూ దాదాపు అదే లెక్కలో చెబుతాయి. కానీ అది స్టేషన్ ఏదో ఒక ద్వారం నుంచి కొలిచిన దూరం. షింజుకు స్టేషన్‌కు 200కు పైగా ద్వారాలున్నాయి. తప్పు ద్వారంలో బయటపడితే 5 నిమిషాలు 20 అవుతుంది. హోటల్ వెబ్‌సైట్‌లో దారి చెప్పే పేజీ తెరిచి ద్వారం నంబరు రాసుకోండి. పెట్టెలుంటే ఇంకొకటి కూడా చూడాలి: లిఫ్ట్ అన్ని ద్వారాలకూ ఉండదు. మ్యాప్‌లో వీల్‌చెయిర్ దారి ఎంచుకుంటే లిఫ్ట్ ఉన్న ద్వారం చూపిస్తుంది.

టోక్యోలో మొదటిసారి వెళ్లేవాళ్లకు ఉయెనో చాలా అనువు. నరితా విమానాశ్రయం నుంచి కెయిసెయి స్కైలైనర్ రైలు సుమారు 40 నిమిషాల్లో నేరుగా అక్కడికే వస్తుంది, యమనోతే రైలు లైనూ గింజా, హిబియా మెట్రో లైన్లూ అక్కడే ఉన్నాయి. పక్క స్టేషన్ ఒకాచిమాచి దగ్గర ఆంధ్రా కిచెన్ ఉంది, ఆ చుట్టుపక్కల ఇండియన్ రెస్టారెంట్లు మరికొన్ని ఉన్నాయి. రాత్రి సందడి కావాలంటే షింజుకు. మర్నాడు షింకన్సెన్ (బుల్లెట్ రైలు) ఎక్కాలన్నా, హనేదా విమానాశ్రయానికి వెళ్లాలన్నా షినగవా. ఆఫీసు పనిమీదైతే క్లయింట్ ఆఫీసు ఉన్న లైనులోనే ఉండండి. ఉదయం ఎనిమిది గంటల రద్దీలో ల్యాప్‌టాప్ బ్యాగుతో రెండు రైళ్లు మారడం మెజెస్టిక్ మెట్రోలో రైలు మారినంత తేలిక కాదు.

ఒసాకాలో నంబా లేదా ఉమెదా. కన్సాయ్ విమానాశ్రయం నుంచి నంబాకు నన్కాయ్ రాపిట్ రైలు 40 నిమిషాల లోపు. షిన్ ఒసాకా దగ్గర హోటళ్లు బాగానే ఉంటాయి కానీ సాయంత్రాలు చప్పగా ఉంటాయి, షింకన్సెన్ కోసమే అయితే సరే. క్యోటోలో పెట్టెలతో వెళ్తే స్టేషన్ ముందు, సాయంత్రాలు నడవాలనుంటే షిజో కరసుమా దగ్గర. ఏ ఊర్లోనైనా అర్ధరాత్రి దాటాక రైళ్లు ఉండవు, మళ్లీ తెల్లవారుజామున ఐదు ప్రాంతంలోనే. ఊరికి దూరంగా చవకైన గది తీసుకుంటే ఆ మిగులు ఒక్కరాత్రి టాక్సీతో పోతుంది.

దిగిన రోజు

బెంగళూరు నుంచి నరితాకు జపాన్ ఎయిర్‌లైన్స్ నేరు విమానం ఉంది. చెన్నై నుంచైతే ఎక్కువమంది సింగపూర్, బ్యాంకాక్, కౌలాలంపూర్ మీదుగా వెళ్తారు. రాత్రి ప్రయాణం చేసి పొద్దున దిగితే గది మాత్రం మధ్యాహ్నం 3కి గానీ ఇవ్వరు, తోయోకో ఇన్‌లో సభ్యత్వం లేకపోతే 4కి. బతిమాలినా లాభం లేదు. పెట్టెలు ఉదయమే రిసెప్షన్‌లో ఉచితంగా ఉంచుకుంటారు. కాబట్టి ఒక జత బట్టలు, బ్రష్షు, మందులు చేతిసంచిలో పెట్టుకుని పెట్టెలు అప్పగించి తిరగడానికి వెళ్లిపోండి. ఒంట్లో ఓపిక ఉండదనుకుంటే ముందురోజు రాత్రికి కూడా గది బుక్ చేసి, "మరుసటి ఉదయం వస్తాం" అని హోటల్‌కు సందేశం పంపాలి. పంపకపోతే రాలేదనుకుని మొత్తం బుకింగ్ రద్దు చేసే ప్రమాదం ఉంది.

డబ్బు కట్టేటప్పుడు కార్డ్ మెషీన్ రూపాయలా యెన్లా అని అడిగితే యెన్లే నొక్కండి. రూపాయలన్న చోట మారకం రేటు వాళ్లది. ఇండియాలో ఉండగానే కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోండి. నగదు కావాలంటే సెవెన్ ఎలెవెన్ కొట్లలోని ఏటీఎంలలో విదేశీ కార్డులు పనిచేస్తాయి. టిప్పు ఇవ్వక్కర్లేదు, ఇచ్చినా వెంటపడి వెనక్కిస్తారు.

బ్రష్షు, రేజరు, దువ్వెన గదిలో లేవని కంగారుపడకండి. 2022 ఏప్రిల్‌లో ప్లాస్టిక్ తగ్గించే చట్టం వచ్చాక చాలా హోటళ్లు వీటిని లాబీలో ఒక అరమీద పెడుతున్నాయి. పైకి వెళ్లేముందే కావలసినవి తీసుకోండి. రాత్రి వేసుకునే బట్టలు, చెప్పులు హోటలే ఇస్తుంది. యుకతా (నడుముకు కట్టుకునే పొడుగాటి నూలు అంగీ) ఇస్తే ఎడమ అంచు కుడి మీదకు వచ్చేలా కట్టుకోవాలి, తిప్పి కట్టడం శవాలకు.

టోక్యోలో ఉన్న చుట్టాలు చూడటానికి వస్తే గదికి తీసుకెళ్లకండి. బస చేసేవాళ్లు తప్ప పైకి రాకూడదన్నది దాదాపు అన్ని బిజినెస్ హోటళ్ల నియమం. లాబీలో కూర్చోవచ్చు, వాళ్లు తెచ్చిన సాంబారు డబ్బా మీరు పైకి తీసుకెళ్లవచ్చు.

కరెంటు, నీళ్లు, బాత్రూమ్

జపాన్ కరెంటు 100 వోల్టులు. ప్లగ్గు రెండు చదును పిన్నులది, మన గుండ్రటి పిన్నులు దూరవు. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో చదును పిన్నుల అడాప్టర్లు రెండు కొనుక్కోండి, ల్యాప్‌టాప్ మూడు పిన్నులది కూడా అందులో పట్టేలా. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని ఉంటే చాలు. ఇంటి నుంచి రైస్ కుక్కర్, కెటిల్ మాత్రం మోసుకెళ్లకండి. వోల్టేజి సగానికి తగ్గితే వేడి పావువంతుకు పడిపోతుంది. 230 వోల్టుల మీద 1500 వాట్లిచ్చే కెటిల్ అక్కడ 300 వాట్లు కూడా ఇవ్వదు. నీళ్లు గోరువెచ్చగా అయ్యేలోపు మీకు విసుగొస్తుంది. కెటిల్ గదిలో ఎలాగూ ఉంటుంది. వంట పరికరాలు వాడకూడదని చాలా హోటళ్ల నియమాల్లోనే ఉంటుంది. దీపం, అగరబత్తి వెలిగిస్తే పొగ అలారం మోగుతుంది, పూజ మనసులో చేసుకోవాల్సిందే.

చిన్న ఫ్రిజ్ చాలాచోట్ల ఆపేసి ఉంటుంది, లోపల స్విచ్ వెతికి వేయాలి. పెరుగు పెట్టాక రాత్రికి చూసుకుంటే వెచ్చగా ఉండటానికి కారణం అదే. బాత్రూమ్ కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు.

బకెట్టూ చెంబూ ఉండవు. బాత్రూమంతా ఒకే ప్లాస్టిక్ అచ్చులో పోసినట్టు సింకు, తొట్టి, కమోడ్ పక్కపక్కనే ఉంటాయి. స్నానం తొట్టిలో నిలబడి చేయాలి, తెర అంచు తొట్టి లోపల ఉండాలి. బయట నేల తడవకూడదు, నీళ్లు గది కార్పెట్ మీదకు వస్తే శుభ్రం చేసిన ఖర్చు మీ మీద పడవచ్చు. కుళాయి, షవర్ రెండింటికీ ఒకటే మీట. ఎటు తిరిగి ఉందో చూడకుండా తిప్పితే బట్టలతో సహా తడుస్తారు.

కమోడ్ విషయంలో మాత్రం జపాన్ మనకు సొంతిల్లే. తోతో కంపెనీ 1980లో వాష్‌లెట్ తెచ్చినప్పటి నుంచి నీళ్లు అక్కడ మామూలైపోయాయి. బొమ్మలున్న మీటల్లో పిరుదుల కింద నీటిధార ఉన్నది వెనక్కి, ఆడమనిషి బొమ్మ ఉన్నది ముందుకు, చదరంలా ఉన్నది ఆపడానికి. మనిషి కూర్చుంటేనే నీళ్లొస్తాయి. ఎలా పనిచేస్తుందో చూద్దామని నిలబడి వంగి నొక్కకండి, కొన్నింటికి సెన్సర్ మీద చెయ్యి పడినా చాలు. ధార ఒత్తిడి తగ్గించే మీట కూడా ఉంటుంది, మొదటిరోజు తక్కువలోనే మొదలుపెట్టండి.

దోర్మీ ఇన్ లాంటివాటిలో పై అంతస్తులో పెద్ద వేడినీటి స్నానాల గది ఉంటుంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేరు. ఒంటిమీద నూలుపోగు లేకుండా వెళ్లాలి, ముందు పీట మీద కూర్చుని సబ్బుతో కడుక్కున్నాకే తొట్టిలో దిగాలి, తువ్వాలు నీళ్లలో ముంచకూడదు. పచ్చబొట్టు ఉంటే చాలాచోట్ల రానివ్వరు. మనవాళ్లలో చాలామందికి ఇది కుదరదు, తప్పేమీ లేదు. కానీ అలాంటి హోటళ్లలో కొన్ని గదుల్లో షవర్ తప్ప తొట్టి ఉండదు, బుకింగ్‌లో చూసుకోండి.

తిండి

మాంసం కలిసిన ఏ వస్తువూ జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు. ఇంట్లో పెట్టిన చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, అన్నీ దాని కిందికే వస్తాయి. దొరికితే తీసేసుకోవడంతో ఆగకపోవచ్చు, మూడేళ్ల వరకు జైలు లేదా 30 లక్షల యెన్ల వరకు జరిమానా వేసే చట్టం ఉంది. పచ్చి కరివేపాకు, పళ్లు, కూరగాయలు, బియ్యం కూడా మొక్కల తనిఖీ పత్రం లేకుండా వద్దు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, వేడినీళ్లు పోస్తే అయ్యే ఎంటీఆర్ ఉప్మా కప్పులు సరిపోతాయి. పచ్చడి సీసాలో కాకుండా రెండు కవర్లు తొడిగిన పొట్లాల్లో కట్టుకోండి. నూనె కారితే ఇంటికొచ్చేదాకా బట్టలకు ఆ వాసన పోదు.

అన్నం ఎలా అంటే, ఏ కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా వండిన తెల్లన్నం 200 గ్రాముల ప్లాస్టిక్ గిన్నెల్లో అమ్ముతారు. మూత అంచు కొంచెం తెరిచి 500 వాట్ల మైక్రోవేవ్‌లో 2 నిమిషాలు పెడితే వేడి అన్నం. మైక్రోవేవ్ హోటల్లో కూల్‌డ్రింక్ మెషీన్ల పక్కన ఏదో ఒక అంతస్తులో ఉంటుంది. కొట్లో కొన్నదైతే అక్కడే వేడి చేసిస్తారు కూడా. బియ్యం జిగురుగా ఉంటుంది, సోనామసూరి పొడిపొడి ఆశించకండి. పెద్ద పెరుగు డబ్బా కొనేటప్పుడు తీపి లేనిదే అని అడిగి తీసుకోండి. కందిపొడి, పచ్చడి, పెరుగు తోడైతే రోజుకో పూట గడిచిపోతుంది. అయితే వెల్లుల్లి, ఇంగువ వాసన గదిలో నిలిచిపోతే శుభ్రపరిచే రుసుం వేసే హోటళ్లున్నాయి. తిన్న వెంటనే కవర్లు గట్టిగా ముడివేసి, బాత్రూమ్ ఫ్యాన్ వేసి తలుపు తెరిచి ఉంచండి.

శాకాహారులకు అసలు చిక్కు మాంసం కాదు, దాషీ. ఎండబెట్టిన బోనిటో చేప తురుముతో కాచిన రసం అది. మిసో సూప్‌లో, ఉడికించిన కూరల్లో, గుడ్డట్టులో, నూడుల్స్ పులుసులో, నత్తో (పులియబెట్టిన సోయా గింజలు) వెంట వచ్చే చిన్న సాస్ పొట్లంలో కూడా ఉంటుంది. "మాంసం, చేప లేవు కదా" అని అడిగితే కంటికి కనబడే ముక్కలు లేవు కాబట్టి లేవనే చెబుతారు, అబద్ధమాడినట్టు కాదు. హోటల్ బ్రేక్‌ఫాస్ట్‌లో ధైర్యంగా తినగలిగేవి తెల్లన్నం, టోస్టు, పళ్లు, పెరుగు, డ్రెస్సింగ్ లేని సలాడ్, తినేవాళ్లకు ఉడికించిన గుడ్డు. ఇంతమాత్రానికి 1,500 నుంచి 2,500 యెన్లు దండగ, బ్రేక్‌ఫాస్ట్ లేని ధరకే బుక్ చేయండి. దోర్మీ ఇన్ రాత్రి 9:30 నుంచి ఉచితంగా పెట్టే నూడుల్స్ కూడా శాకాహారం కాదు. మాంసం, చేప తినేవాళ్లకు మాత్రం ఆ బ్రేక్‌ఫాస్ట్ డబ్బుకు న్యాయం చేస్తుంది.

బట్టలు, పెట్టెలు, రాత్రిళ్లు

చాలా హోటళ్లలో నాణేలతో నడిచే వాషింగ్ మెషీన్లుంటాయి. ఉతకడానికి 200–300 యెన్లు, ఆరబెట్టడానికి 20–30 నిమిషాలకు 100 చొప్పున. 100 యెన్ల నాణేలు దాచుకోండి. సబ్బుపొడి మెషీనే పోసుకునే రకమో కాదో మూతమీద చూడండి. రాత్రి 9 తర్వాత వరస ఉంటుంది, సాయంత్రం ఆరుకే వేసేయండి.

ఊరు మారేటప్పుడు పెద్ద పెట్టెలు రైల్లో మోయకండి. మధ్యాహ్నంలోపు రిసెప్షన్‌లో తక్క్యూబిన్ (పెట్టెలు చేరవేసే సేవ) అని చెప్పి ఇస్తే టోక్యో నుంచి క్యోటో, ఒసాకా హోటల్‌కు సాధారణంగా మర్నాడు చేరుతుంది. సైజును బట్టి సుమారు 2,000 నుంచి 3,500 యెన్లు. ఫారంలో తర్వాతి హోటల్ చిరునామాతో పాటు బుకింగ్ పేరు, చెకిన్ తేదీ రాయాలి. తేదీ లేకపోతే అవతలి హోటల్ తీసుకోకపోవచ్చు. ఆ ఒక్క రాత్రికి చిన్న సంచి సర్దుకోండి. మీతోనే తీసుకెళ్తానంటే, మూడు కొలతలూ కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు టోక్యో, ఒసాకాల మధ్య నడిచే తొకైదో షింకన్సెన్‌లో ప్రత్యేక సీటు ముందే బుక్ చేయాలి. చేయకుండా ఎక్కితే 1,000 యెన్లు వసూలు చేస్తారు.

గోడలు పల్చన. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు, అంటే చెన్నైలో అమ్మ ఏడింటికి వీడియో కాల్ చేస్తే అక్కడ పదిన్నర. ఇయర్‌ఫోన్ పెట్టుకుని నెమ్మదిగా మాట్లాడండి, లేదా లాబీకి దిగండి.

మొదటి రాత్రే తలుపు వెనకున్న పటం చూసి మెట్లు ఎటో గుర్తుపెట్టుకోండి. మంచం పక్కన టార్చి లైటు ఉంటుంది. భూకంపం వస్తే లిఫ్టులు వాటంతట అవే ఆగిపోతాయి, పరుగెత్తి బయటికి పోవడం కంటే తల దాచుకుని ఊపు ఆగేదాకా గదిలో ఉండటమే క్షేమం. చెప్పులు మంచం పక్కనే ఉంచండి, అద్దం పగిలితే ఉత్తకాళ్లతో నడవలేరు. అంబులెన్సుకు, అగ్నిప్రమాదానికి 119, పోలీసుకు 110.

వరసగా చాలా రాత్రులుంటే రోజూ గది ఊడవరు, కొన్నిచోట్ల మూడు రోజులకోసారే. తువ్వాళ్లు మాత్రం తలుపుకు సంచిలో తగిలిస్తారు. రోజూ కావాలంటే ఉదయాన్నే తలుపుకు కార్డు తగిలించాలి, కొన్నిచోట్ల దానికి రుసుం ఉంటుంది.

ఖాళీ చేసేది 10 లేదా 11 గంటలకు. దాటితే చాలాచోట్ల గంటకు 1,000 యెన్ల చొప్పున పడుతుంది. తాళం పెట్టెలో వేసి వెళ్లిపోవడమే, విమానం రాత్రయితే పెట్టెలు సాయంత్రం దాకా రిసెప్షన్‌లో ఉంచుకోవచ్చు. బయల్దేరేముందు లాకర్, ఫ్రిజ్, మంచం దిండ్ల మధ్య, ప్లగ్గుల్లో అడాప్టర్లు చూసుకోండి. మరచిన వస్తువులు హోటల్ దాచి ఉంచుతుంది, మీ ఖర్చుతో పోస్టులో బెంగళూరుకో చెన్నైకో పంపుతుంది కూడా. తినే వస్తువులు మాత్రం ఆ రోజే పారేస్తారు, ఆవకాయ అయినా సరే.